కొత్త బ్యాటరీ... పాత జబ్బు!

పాత లారీ పగటిపూట తన జబ్బు బయటపెట్టదు. ఒకసారి ఇంజిను అందుకుందంటే చాలు, కరెంటుతో పనిలేకుండానే పోతూ ఉంటుంది. డీజిలు ఇంజిన్‌కి పెట్రోలు బండిలా స్పార్కు ప్లగ్గు అక్కర్లేదు. సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. ఆ డీజిలును పంపించే పంపు కూడా పాత బళ్లలో ఇంజిను తిప్పితే తిరిగేదే. అందుకే బ్యాటరీకి ఒక్క చుక్క ఛార్జింగ్ ఎక్కకపోయినా డ్రైవరుకు తెలియకుండా విజయవాడ నుంచి ఏలూరు వెళ్లిపోవచ్చు. తెలిసేది రెండు వేళల్లోనే. తెల్లారి సెల్ఫ్ కొట్టినప్పుడు ఒకటి... చీకటి పడి లైట్లు వేసినప్పుడు రెండోది.

మొదటిది చికాకు. ఇంకో బండి సాయంతో లాగిస్తేనో, తోయిస్తేనో ఆ పూటకి గడుస్తుంది. రెండోది ప్రాణాల మీదికి తెస్తుంది. హెడ్‌లైట్లు కిరసనాయిలు దీపాల్లా ఎర్రబడతాయి. వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో ముందు కూర్చున్నవాడికి కనపడదు. అలాంటి లారీ రోడ్డు పక్కన ఆగిందంటే, వెనక వచ్చే కారుకి అదొక నల్లటి గోడ. కాబట్టి లారీ ఛార్జింగ్ గొడవ లారీవాళ్లది మాత్రమే కాదు. పిల్లాపాపలతో రాత్రిపూట ఆ దారిన వెళ్లే అందరిదీ.

మూడుసార్లు మార్చినా...

విజయవాడకు దగ్గర్లోని ఓ పల్లెలో ఉండే డ్రైవరు సంగతే చూడండి. ఇరవై ఏళ్లు పరాయివాళ్ల బళ్లు తోలి, చివరికి సొంతానికంటూ ఓ పాత ఆరు టైర్ల లారీ కొనుక్కున్నాడు. ధాన్యం, మొక్కజొన్న, వేసవిలో నూజివీడు మామిడి... ఏ లోడు దొరికితే అది వేసుకుంటాడు. లెక్కలన్నీ భార్య చూస్తుంది. డీజిలు, టోలు, టైర్లు, పంచర్లు, క్లీనరు బత్తా... ప్రతి రూపాయీ ఓ పొడుగు నోటుబుక్కులోకి ఎక్కాల్సిందే. ఫైనాన్సు కిస్తీ పోగా మిగిలిందే సంసారానికి, ఇంటర్ చదివే కూతురి ఫీజుకి.

కొన్న ఆర్నెల్లకే బండి పొద్దుటిపూట మొండికేయడం మొదలుపెట్టింది. సెల్ఫ్ కొడితే 'టక్' మని ఊరుకునేది. బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేశాడు. ఐదు నెలలకు మళ్లీ అదే వరస. ఈసారి డైనమోలో బ్రష్‌లు అరిగిపోయాయన్నారు. అవీ మార్పించాడు, మరో బ్యాటరీ కూడా వేశాడు. ఇంకో నాలుగు నెలలకు మూడోది. గ్యారంటీ ఉంది కదా అని షాపుకెళితే, 'బ్యాటరీలో తప్పేం లేదు. మీ బండిలోనే ఛార్జింగ్ సరిగా లేదు. గ్యారంటీ వర్తించదు' అని తిప్పి పంపేశారు.

ఓ రాత్రి మొక్కజొన్న లోడుతో వస్తుంటే లైట్లు క్రమంగా తగ్గిపోయాయి. దారి ఆనకపోవడంతో పెట్రోలు బంకులో బండి పెట్టేసి తెల్లారేదాకా పడుకున్నాడు. సరుకు ఆలస్యమైందని పార్టీ కిరాయి కోసుకుంది. కోసుకున్న డబ్బు గురించి భార్య ఒక్కమాట అనలేదు. 'బండి అమ్మేద్దామండీ. మీరు రాత్రిపూట ఎక్కడున్నారో అనుకుంటూ నేను నిద్రపోలేకపోతున్నాను' అంది.

అమ్మితే మళ్లీ పరాయి బండి ఎక్కాలి. అమ్మకపోతే ఈ జబ్బు. అప్పుడే ఎవరో చెప్పారు, ఆటోనగర్‌లో ఫలానా మేస్త్రికి ఒకసారి చూపించమని.

మోటారు, ట్యాంకు, పైపు

అసలు బండిలో ఛార్జింగ్ ఎలా జరుగుతుందో తెలియాలంటే ఇంటి మీది నీళ్ల ట్యాంకును తలచుకుంటే చాలు. బ్యాటరీ అంటే ట్యాంకు. దాన్ని నింపే మోటారే ఆల్టర్నేటరు. మధ్యలోని వైర్లు పైపులు. ట్యాంకు పొర్లిపోకుండా చూసేది రెగ్యులేటరు. పొద్దున్నే సెల్ఫ్ కొట్టడమంటే కుళాయిలన్నీ ఒక్కసారిగా విప్పేయడమే. ఆ కాసేపట్లో ఖర్చయినదాన్ని, బండి నడుస్తున్నంతసేపూ ఆల్టర్నేటరు మళ్లీ నింపుతుండాలి. లైట్లు, హారను, వైపర్లకూ అదే ఇవ్వాలి.

ట్యాంకు ఖాళీ అయితే తప్పు ట్యాంకుదేనా? మోటారు తిరగకపోవచ్చు. పైపు పూడుకుపోయి ఉండొచ్చు. ఎక్కడో కుళాయి కారుతూ ఉండొచ్చు. ఇంట్లో నీళ్లు రాకపోతే ఎవరూ ముందుగా కొత్త ట్యాంకు కొనరు. లారీ దగ్గరికొచ్చేసరికి మాత్రం మొదట మార్చేది బ్యాటరీనే!

పెద్ద లారీల్లో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండుంటాయి. ఒకదాని ప్లస్సును రెండోదాని మైనస్సుకు కలిపితే 24 వోల్టులవుతుంది. ఇంజిను ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ ఒక్కొక్కటి 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు రెండింటి మీదా కలిపి సుమారు 28 వోల్టులు రావాలి. 27 కంటే బాగా తక్కువుంటే కడుపు నిండట్లేదని లెక్క. 29 దాటి పోతుంటే అజీర్తి. అప్పుడు బ్యాటరీలో నీళ్లు మరిగి ఆవిరైపోతాయి, బల్బులు తరచూ మాడిపోతాయి.

మన మెకానిక్కులు ఆల్టర్నేటరును ఇప్పటికీ 'డైనమో' అనే అంటారు. నిజానికి డైనమో దానికంటే పాతతరం యంత్రం. ఇంజిను నెమ్మదిగా తిరుగుతుంటే సరిగా ఛార్జింగ్ ఇచ్చేది కాదు. అమెరికాలో క్రిస్లర్ కంపెనీ 1960లో వాలియంట్ కారుకు ఆల్టర్నేటరు పెట్టింది. ఆ తర్వాత మెల్లగా కార్లు, లారీలు అన్నీ అటే మళ్లాయి. ఇందులో పుట్టేది మన ఇళ్లలో ఉండేలాంటి ఏసీ కరెంటు. లోపలుండే డయోడ్లు దాన్ని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మారుస్తాయి. యంత్రం మారినా పిలుపు మారలేదు.

విప్పకుండానే వైద్యం

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి సంబంధించి దొరకని పని లేదు. బాడీ కట్టేవాళ్లు, కమాను పట్టీలు వేసేవాళ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు... ఎవరి పని వారిదే. మేస్త్రి షెడ్డు వాటి మధ్యన ఓ చిన్న రేకుల పాక. నలభై ఏళ్లుగా లారీల వైరింగే ఆయన లోకం.

బండి ఆగగానే కుర్రాడు స్పానర్లు పట్టుకొచ్చాడు. మేస్త్రి వద్దన్నాడు.

'ముందు తాళం తిప్పవయ్యా. సెల్ఫ్ కొట్టకు' అన్నాడు డ్రైవరుతో.

డ్యాష్‌బోర్డు మీద ఛార్జింగ్ లైటు ఎర్రగా వెలిగింది. మేస్త్రి తలూపాడు. చాలా బళ్లలో ఆల్టర్నేటరును మొదట మేలుకొలిపే కరెంటు ఆ చిన్న బల్బు గుండానే వెళుతుంది. ఆ బల్బు మాడిపోతే ఆల్టర్నేటరు బాగానే ఉన్నా పని మొదలుపెట్టకపోవచ్చు. చిన్న బల్బు పోయినందుకు డైనమో మొత్తం విప్పించుకున్న వాళ్లున్నారు. ఇక్కడ ఆ సమస్య లేదు.

తర్వాత బెల్టు. మధ్యలో బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు వెడల్పు కంటే ఎక్కువ దిగలేదు, పగుళ్లు లేవు, లోపలి అంచులు అద్దంలా నునుపు తేలలేదు. బెల్టు జారితే కప్పీ సరిగా తిరగదు, ఛార్జింగ్ రాదు. అదీ కాదు.

అప్పుడు హైడ్రోమీటరు తీశాడు. బ్యాటరీ మూతలు విప్పి, ఒక్కో గదిలోని ఆసిడ్‌ను రబ్బరు బుడ్డితో పైకి లాగి, లోపల తేలే గాజు గొట్టం ఎంత మునిగిందో చూశాడు. బ్యాటరీ నిండుగా ఉంటే ఆసిడ్ చిక్కగా ఉండి 1.240 నుంచి 1.280 మధ్య చూపిస్తుంది. ఖాళీ అయ్యేకొద్దీ నీళ్లలా పలచబడుతుంది. ముందు బ్యాటరీలో ఆరు గదులూ 1.260 దగ్గరున్నాయి. వెనక బ్యాటరీలో ఆరూ 1.160 దగ్గర.

'ఇది కూడా పోయినట్టేనా మేస్త్రిగారూ?' డ్రైవరు గొంతు తడారిపోయింది.

'పోతే ఒక గది పోతుందయ్యా. ఐదు బాగుండి ఒకటి పడిపోతే అది బ్యాటరీ రోగం. ఆరుకి ఆరూ ఒకేలా పడ్డాయంటే దానికి తిండి అందట్లేదని.'

షెడ్డులోని బ్యాటరీల సాయంతో ఇంజిను స్టార్ట్ చేయించి, యాక్సిలరేటరు కాస్త తొక్కి పట్టుకోమన్నాడు. మల్టీమీటరు తీగలు ఆల్టర్నేటరు మీద పెడితే 28.2 వోల్టులు. మోటారు బ్రహ్మాండంగా నడుస్తోంది. అవే తీగలు బ్యాటరీల మీద పెడితే 26.6 మాత్రమే. బయల్దేరినదాంట్లో 1.6 వోల్టులు దారిలోనే ఎవరో తినేస్తున్నారు!

మీటరు ఒక తీగ ఆల్టర్నేటరు ప్లస్సు మీద, రెండోది బ్యాటరీ ప్లస్సు మీద పెట్టాడు. 0.2. అది మామూలే. తర్వాత ఆల్టర్నేటరు ఒంటి మీద, బ్యాటరీ మైనస్సు మీద పెట్టాడు. 1.4. దొంగ ఎర్త్ వైపు ఉన్నాడని తేలిపోయింది.

రంగు కింద తుప్పు

లారీలో కరెంటు వెళ్లడానికి వైరుంటుంది. తిరిగి రావడానికి చాలాచోట్ల ఛాసీనే దారి. ఇంజిను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, ఇంజిన్నీ ఛాసీనీ కలుపుతూ ఓ అల్లిక రాగి పట్టీ బిగిస్తారు. మేస్త్రి బండి కిందికి దూరి ఆ పట్టీ పట్టుకుని బయటకు లాగితే సగం తీగలు పచ్చగా పొడైపోయి చేతిలోకొచ్చాయి. బోల్టు కింద తుప్పు. దాని మీద నున్నగా కొత్త రంగు. అమ్మేముందు బండి మెరిసిపోవాలని పాత యజమాని రంగు వేయించినప్పుడు ఆ చోటు కూడా కప్పేశారు.

పొద్దున్నే సెల్ఫ్ 'టక్' మని ఆగిపోవడంలోనూ దీని చెయ్యి ఉంది. సెల్ఫ్ మోటారు లాగే కరెంటు కూడా ఆ దారినే తిరిగి రావాలి మరి. పట్టీ కొత్తది వేసి, ఇనుము తెల్లగా తేలేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాశారు. మళ్లీ మీటరు పెడితే బ్యాటరీల మీద 27.9. ఏడాదికి పైగా వేధించిన జబ్బుకి మందు ఖరీదు కొత్త బ్యాటరీ ధరలో ఓ మూలకి రాదు.

డ్రైవరు జేబులో చెయ్యి పెట్టాడు, ఎంతివ్వమంటారని. మేస్త్రి కదల్లేదు. మీటరు తీసి ఈసారి ఒక్కో బ్యాటరీ మీద విడివిడిగా పెట్టాడు. ముందుది 14.7. వెనకది 13.2.

'ఇప్పటిదాకా ఏ బ్యాటరీ మార్చావు?'

డ్రైవరుకు సరిగా గుర్తు లేదు. ఇంటికి ఫోన్ చేశాడు. భార్య నోటుబుక్కు తిరగేసింది. గ్యారంటీకి పనికొస్తుందని తేదీతో పాటు ఏ వైపుదో కూడా రాసిపెట్టుకుంది. 'మూడుసార్లూ వెనకదేనండీ. ముందుది ఒక్కసారీ మార్చలేదు. డిస్టిల్ వాటరు సీసాలు మాత్రం వారం వారం ఉన్నాయి' అంది. ఆ నీళ్లన్నీ ఎందులో పోస్తున్నాడో డ్రైవరుకు అప్పుడు గుర్తొచ్చింది... ముందుదాంట్లో!

ఒకటి ఎప్పుడూ ఆకలితో పడిపోతోంది. రెండోది మరిగి నీళ్లు తాగుతోంది. మేస్త్రి వెనక బ్యాటరీ మీద నుంచి బయల్దేరిన ఓ సన్నని వైరు పట్టుకుని పోతే, అది క్యాబిన్‌లో టేపు దగ్గర తేలింది. టేపు, ఫోన్ ఛార్జరు, చిన్న ఫ్యాను... అన్నీ 12 వోల్టులవి. 24 వోల్టుల బండిలో వాటిని నడపడానికి పాత యజమాని సులువు దారి చూసుకున్నాడు. రెండు బ్యాటరీల్లో ఒకదాన్నుంచి 12 వోల్టులు లాగేసుకున్నాడు.

ఇందులో మోసం ఎలా జరుగుతుందో చూడండి. తల్లి ఇద్దరు పిల్లలకీ కలిపి ఒకే పళ్లెంలో ఆరు ఇడ్లీలు పెట్టింది. కాసేపటికి పళ్లెం ఖాళీ. ఇద్దరూ తిన్నారనుకుంది. ఒకడు నాలుగు తిని, రెండోవాడు రెండుతో లేచాడని ఆవిడకెలా తెలుస్తుంది? రెగ్యులేటరు కూడా అంతే. మొత్తం 28 వచ్చిందా లేదా అనే చూస్తుంది. పాటలు వినిపించిన బ్యాటరీ అరకడుపుతో ఉంటే, పక్కది అవసరానికి మించి తాగుతుంది. మొత్తం సరిగ్గానే ఉంటుంది. వాటాలే తప్పు. పైగా ప్రతిసారీ ఒకటే మార్చడంతో కొత్తదాన్నీ పాతదాన్నీ ఒకే కాడికి కట్టినట్టయింది.

ఆ వైరు పీకేసి, 24 వోల్టులను 12 చేసే కన్వర్టరు పెట్టించాడు మేస్త్రి. అది రెండు బ్యాటరీల నుంచీ సమానంగా తీసుకుంటుంది. వెనక బ్యాటరీని రాత్రంతా నెమ్మదిగా ఛార్జింగ్ పెడితే కోలుకుంది. 'ముందుది ఇంకొన్నాళ్లు వస్తుంది. ఈసారి మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చు. ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే రోజు' అని చెప్పి పంపాడు.

పీకి చూడొద్దు

పాత డైనమోల కాలం నాటి అలవాటు ఒకటి ఇప్పటికీ కొన్ని షెడ్లలో ఉంది. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ లీడు పీకేయడం. లైట్లు ఆరకపోతే డైనమో మంచిదని తీర్పు! ఆల్టర్నేటరు దగ్గర ఈ పరీక్ష ప్రమాదం. బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే వోల్టేజీ ఎగిసి డయోడ్లు, రెగ్యులేటరు కాలిపోవచ్చు. బాగున్నదాన్ని పాడుచేసి, 'చెప్పానా, పోయిందని' అనడమే అవుతుంది.

డయోడు పోయిందేమోనని అనుమానముంటే ఇంకో గుర్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున్నే ఆల్టర్నేటరు మీద చెయ్యి పెట్టి చూడాలి. ఇంజిను చల్లగా ఉండి అదొక్కటే గోరువెచ్చగా తగిలితే, లోపలి డయోడు గుండా బ్యాటరీ కరెంటు వెనక్కి కారిపోతోందని అర్థం.

బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ వాయువు చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. లీడు విప్పేటప్పుడు ముందు ఎర్త్, బిగించేటప్పుడు చివర ఎర్త్. టెర్మినళ్ల మీద పేరుకునే తెల్లటి, పచ్చటి పొడికి వంటసోడా కలిపిన వేడినీళ్లు చాలు. కాకపోతే ఆ నీళ్లు మూతల్లోంచి లోపలికి పోకూడదు. ఛార్జింగ్ లేకుండా నెలల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, కొత్త బ్యాటరీ కూడా మళ్లీ లేవదు. ఇంట్లో రెండు బ్యాటరీల ఇన్వర్టరు ఉన్నవాళ్లకూ ఈ సూత్రాలే. ఒకటి కొత్తది, ఒకటి పాతది జోడిస్తే రెండూ త్వరగా పోతాయి.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 లారీల్లో డీజిలు పంపిణీ అంతా కంప్యూటరు చేతుల్లోనే ఉంది. వోల్టేజీ మరీ పడిపోతే లైట్లే కాదు, ఇంజినే ఆగిపోతుంది. అయితే రోడ్ల మీద పాత లారీలు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ పరీక్ష రోజున లైట్లు వెలిగితే సర్టిఫికెట్టు వస్తుంది. మిగతా రాత్రుల సంగతి బండివాడే చూసుకోవాలి.

ఆ డ్రైవరు ఆటోనగర్‌లోనే ఓ చిన్న మీటరు కొనుక్కుని ఇంటికెళ్లాడు. దాన్ని ఎలా పెట్టాలో కూతురు ఒక్కసారి చూసి నేర్చుకుంది. బండి ఇంటి దగ్గరున్న ఆదివారం పొద్దున, తండ్రి సెల్ఫ్ కొట్టకముందే ఆ అమ్మాయి రెండు బ్యాటరీలూ విడివిడిగా కొలిచి చెబుతుంది. తల్లి రాసుకుంటుంది. నోటుబుక్కులో ఇప్పుడు 'బ్యాటరీ' అన్న పేజీలో రూపాయలకు బదులు వోల్టులుంటున్నాయి. ముందుది 12.6. వెనకది 12.6. బండి అమ్మే మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.